20 కిలోల లగేజీతో దూరాలు తొక్కడానికి సైకిల్: స్టీల్ ఫ్రేమే కావాలా?

గోదారి_గట్టు
బరువుతో దూరాలు తొక్కడానికి సైకిల్ కొనాలి. మొదట రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్, చింతూరు, సుక్మా మీదుగా జగదల్‌పూర్. తర్వాత వచ్చే వేసవిలో మనాలి నుంచి లేహ్. నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. టెంటు, స్టవ్వు, బట్టలు, పనిముట్లు అన్నీ కలిపి 20 కిలోలు. నీళ్ళు వేరే. బడ్జెట్ లక్షన్నర, క్యారియర్లు సంచులతో సహా.

మూడు చూసిపెట్టాను.
1) గ్రావెల్ బండి (కంకర దారుల్లోనూ పోయే రోడ్ రకం). అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు, గేర్ల పళ్ళు ముందు 46/30, వెనక 11-34, చక్రాలకు 28 చువ్వలు.
2) బయటి దేశం నుంచి తెప్పించే స్టీల్ టూరింగ్ బండి. 36 చువ్వలు, 3x9 గేర్లు (ముందు 3, వెనక 9). ఒక్క బండికే బడ్జెట్ దాటిపోతోంది.
3) హైబ్రిడ్ (రోడ్ బండికి, కొండ బండికి మధ్య రకం). అల్యూమినియం ఫ్రేమ్, కదలని స్టీల్ ఫోర్కు, 3x8, 32 చువ్వలు, రిమ్మును నొక్కే వీ బ్రేకులు. సగం డబ్బు మిగులుతుంది.

ఎవర్నడిగినా స్టీలు తప్ప వేరేది ముట్టుకోవద్దంటున్నారు. ఎందుకని అడిగితే మాత్రం సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు.

చువ్వల_మాస్టారు
ఫ్రేమ్ సంగతి తర్వాత. బరువు మోసే సైకిల్‌కి దారిలో ముందు పోయేది వెనక చక్రం. అందులోనూ గేర్ల వైపు చువ్వలు. క్యాసెట్‌కి (వెనక పళ్ళ చక్రాల గుత్తి) చోటివ్వాలి కాబట్టి, రిమ్ము మధ్యలో నిలబడాలంటే కుడివైపు చువ్వలు బాగా బిగించాలి, ఎడమవైపువి వదులుగానే ఉంటాయి. కుడివైపు 110-120 కిలోల బిగువు ఉంటే ఎడమవైపు 65-70 దగ్గర ఆగిపోతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలవైపు వచ్చిన చువ్వ బిగువు తగ్గి, పైకి వెళ్ళగానే మళ్ళీ పెరుగుతుంది. వెనక 70 కిలోలు కూర్చుంటే ఈ హెచ్చుతగ్గు పెద్దదవుతుంది, హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో లోహం అలిసిపోతుంది. తెగిన చువ్వల్ని చూడండి, దాదాపు అన్నీ ఆ వంపులోనే తెగి ఉంటాయి.

కాబట్టి కావలసింది 36 రంధ్రాల హబ్బు, రెండు గోడల రిమ్ము, బటెడ్ చువ్వలు (చివర్లు 2.0 మి.మీ., నడుమ 1.8), ఇత్తడి నిప్పిళ్ళు (చువ్వను రిమ్ముకు బిగించే నట్లు). నడుమ సన్నం కదా, బలం తక్కువేమో అనుకోకండి. ఆ సన్నటి భాగం కాస్త సాగి బరువును పక్క చువ్వలకు పంచుతుంది, వంపు బతికిపోతుంది. అల్యూమినియం నిప్పిల్ మాత్రం వద్దు. ఉప్పుగాలికి రిమ్ములో పట్టేస్తుంది, తిప్పబోతే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది.

32 చువ్వలైనా మంచి చేతిలో కడితే మీ బరువు మోస్తాయి. 28 మాత్రం వద్దు.

ఓరుగల్లు_రైడర్
మాస్టారు మాటే నా మాట. ఇంకోటి కలుపుతున్న: కొత్త బండితో వచ్చే చక్రాలు మెషిన్ మీద కట్టినవి, బిగువు ఒక చువ్వకు ఒక తీరు ఉంటది. కొనంగనే మంచి మెకానిక్ దగ్గర బిగువు సమానం చేపియ్యాలె. బెండు తీసుడొక్కటే సరిపోదు, బిగువు కూడా చూడాలె. మీటితే ఒకే వైపు చువ్వలన్నీ దాదాపు ఒకే తీరు మోగాలె.

చువ్వల_మాస్టారు
అవును. బిగువు సమానం చేశాక పక్కపక్కన సమాంతరంగా ఉన్న రెండేసి చువ్వలను గుప్పిట్లో పట్టి గట్టిగా పిసకాలి. చక్రం చుట్టూ అలా చేస్తే వంపులు హబ్బు అంచుకు ఒదుగుతాయి, లోపల మిగిలిన ఒత్తిడి పోతుంది. అప్పుడు రిమ్ము మళ్ళీ కాస్త పక్కకు పోతుంది, మళ్ళీ బెండు తీయాలి. 300 కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి చూపించండి. ఈ పిసికే పని చాలా షాపుల్లో చేయరు. పక్కన నిలబడి చేయించుకోవాల్సిందే.

నల్లమల_ఎక్కుడు
చక్రం సంగతి తేలింది, ఇక గేర్లు. అందరూ పై గేరు చూస్తారు, మీకు కావలసింది అన్నిటికన్నా కింది గేరు. లెక్క తేలికే. 700సి రిమ్ముకు (వ్యాసం 622 మి.మీ.) 40 మి.మీ. టైరు వేస్తే చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి 2.2తో గుణిస్తే పెడల్ ఒక చుట్టుకు బండి ఎంత కదులుతుందో వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కుతూ కింది గేరులో వేగం చూడండి:

34/32 (మామూలు రోడ్ బండి): గంటకు 8.4 కి.మీ.
30/34 (మీ గ్రావెల్): 7 కి.మీ.
26/34 (ట్రెక్కింగ్ ట్రిపుల్, అంటే ముందు మూడు పళ్ళ చక్రాలు): 6 కి.మీ.
22/36 (ఎంటీబీ, అంటే కొండ బండి ట్రిపుల్): 4.8 కి.మీ.

మీ బరువు, బండి 15, లగేజీ 20, నీళ్ళు 3, మొత్తం 116 కిలోలు. 7 శాతం ఎక్కుడులో ఇదంతా 8.4 వేగంతో లాగాలంటే 200 వాట్లు దాటుతుంది. 7కి 173, 6కి 148, 4.8కి 118. అలవాటున్న మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబెట్టగలిగేది 120-150 మధ్యే. అంటే 22/36 మీకు అవసరం, సోకు కాదు.

బెజవాడ_పెడల్
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారు. 30/34తో ఘాట్లు ఎక్కేవాళ్ళు బోలెడుమంది. నిమిషానికి 45 చుట్లు తొక్కితే అదే గేరులో 5 కి.మీ. వేగం వస్తుంది, వాట్లు కూడా తగ్గుతాయి. గ్రావెల్ బండి తేలిక, మైదానంలో హాయి. నిటారు మలుపుల్లో దిగి నడిపిస్తే పోయేదేముంది?

నల్లమల_ఎక్కుడు
45 చుట్లకు దిగితే వాట్లు తగ్గేది వేగం తగ్గినందుకే. దాదాపు ఆ వేగంలోనే 22/36 వేసి 60 చుట్లు తొక్కితే పెడల్ మీద బలం పావు వంతుకు పైగా తగ్గుతుంది. మారేడుమిల్లి ఘాట్‌కి మీరన్నట్టే సరిపెట్టుకోవచ్చు. లేహ్ దారిలో పాంగ్ దాటాక తంగ్‌లాంగ్ లా కనుమ, అది 5,328 మీటర్లు. అక్కడ గాలిలో ఆక్సిజన్ ఇక్కడ దొరికేదానిలో సగం చిల్లర, కాబట్టి కాలు ఇవ్వగలిగిన వాట్లు కూడా బాగా పడిపోతాయి. తక్కువ చుట్లతో, ఎక్కువ బలంతో రోజంతా తొక్కితే ముందు గొడవ చేసేది మోకాలు. 20 కిలోలు తగిలించిన బండిని నడిపించడం కూడా సుఖం కాదు, ప్రతి అడుగుకీ ఎడమ పెడల్ పిక్కకు తగులుతూనే ఉంటుంది.

బెజవాడ_పెడల్
లేహ్ విషయంలో ఒప్పుకుంటాను. జగదల్‌పూర్ వరకే అయితే నా మాట మీదే ఉంటాను.

క్రోమోలీ_ప్రియుడు
అసలు ప్రశ్న ఫ్రేమ్ కదా. 4130 క్రోమోలీ స్టీల్‌ని (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) మించింది లేదు. సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్, ట్రెక్ 520, కోనా సూత్ర, ఈ టూరింగ్ బండ్లన్నీ స్టీలే. 520 అనే పేరు 1983లో మొదలైంది. స్టీలు విరిగే ముందు పగులు చూపిస్తుంది, ఏ ఊళ్ళో అయినా వెల్డింగ్ చేయించుకోవచ్చు. అల్యూమినియం విరిగితే ఇంటికి బస్సెక్కడమే.

వెల్డర్_గారబ్బాయి
“ఏ ఊళ్ళో అయినా వెల్డింగ్” అనే మాట అందరూ అంటారు, కానీ అందులో ఒక మెలిక ఉంది. బటెడ్ క్రోమోలీ గొట్టం నడుమ గోడ మందం 0.6 మి.మీ. దగ్గర ఉంటుంది. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో ఉండేది ఆర్క్ మెషిన్. 2.5 లేదా 3.15 మి.మీ. రాడ్ తగిలించగానే గొట్టానికి చిల్లు పడుతుంది. చిల్లు పూడ్చబోయి ఇంకాస్త కాల్చేస్తారు.

అడగాల్సింది గ్యాస్ మీద ఇత్తడి పోసేవాణ్ణి. ఇత్తడి బ్రేజింగ్‌కి 900 డిగ్రీల దగ్గర వేడి చాలు, స్టీలు కరగదు. రంగు పూర్తిగా గీకించండి, ఫ్లక్స్ (బోరాక్స్ అంటే వాళ్ళకు అర్థమవుతుంది) వేయించండి, ఎరుపు కాస్త నారింజలోకి తిరిగాక ఇత్తడి తీగ పెట్టమనండి. డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే చీలిక) దగ్గర, క్యారియర్ కన్ను (బోల్టు రంధ్రం) దగ్గర విరిగితే ఇది బాగా పనిచేస్తుంది. నడి గొట్టం పగిలితే బయట ఒక స్లీవు (గొట్టం తొడుగు) వేసి బ్రేజింగ్ చేయించాలి.

అల్యూమినియం 6061 (ఫ్రేమ్‌లకు వాడే మిశ్రమం) అయితే వెల్డింగ్ చేశాక మళ్ళీ వేడిచేసి గట్టిపరచాలి, లేకపోతే అతుకు పక్కనే బలం సగానికి పడిపోతుంది. అది రోడ్డు పక్కన అయ్యే పని కాదు. అంతవరకూ క్రోమోలీ అన్న చెప్పింది నిజమే.

ఉట్రెక్ట్_తెలుగువాడు
ఇక్కడ నెదర్లాండ్స్‌లో బరువులు వేసుకుని ఖండాలు దాటే కోగా వరల్డ్ ట్రావెలర్ అల్యూమినియమే. మందమైన గొట్టాలు, క్యారియర్ కన్నులు అన్నీ ఫ్రేమ్ మీదే. స్టీలా అల్యూమినియమా అని కాకుండా, ఈ ఫ్రేమ్‌ని బరువు మొయ్యడానికి చేశారా లేదా అని చూడాలి. మొత్తం ఎంత బరువుకి అనుమతి ఉందో మాన్యువల్‌లో రాస్తారు. మనిషి, బండి, లగేజీ కలిపి ఆ అంకె దాటకూడదు. గోదారి_గట్టు గారూ, మూడు బండ్లకీ ఆ పేజీ తీసి చూడండి. కార్బన్ ఫోర్కుకు లో-రైడర్ (ముందు చక్రం పక్కన కిందుగా సంచులు తగిలించే క్యారియర్) కన్నులు ఉన్నాయా, ఉంటే ఒక్కో వైపు ఎన్ని కిలోలు అన్నది కూడా అక్కడే ఉంటుంది.

గోదారి_గట్టు
చూశాను. గ్రావెల్ ఫోర్కుకు ఒక్కో వైపు 3 కిలోలే. హైబ్రిడ్‌ ఫోర్కుకు మధ్యలో ఒకటి, కింద ఒకటి కన్నులున్నాయి. వెనక కూడా పైన రెండు, కింద రెండు. క్యారియర్ ఏది తీసుకోవాలి?

విశాఖ_వీల్స్
క్యారియర్ కన్నా ముందు ఒక కొలత. వెనక ఇరుసు నడిమి నుంచి పెడల్ కాడలు (క్రాంకు) తిరిగే ఇరుసు నడిమి దాకా, అంటే చైన్‌స్టే. టూరింగ్ బండ్లలో 450-460 మి.మీ. ఉంటుంది. లాంగ్ హాల్ ట్రక్కర్‌ది 460. గ్రావెల్‌లో 425-435. ఈ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువైతే ప్రతి చుట్టుకీ మడమ సంచికి కొడుతుంది. సంచిని వెనక్కి జరిపితే మడమకు చోటు దొరుకుతుంది కానీ బరువు ఇరుసు వెనక్కి పోయి తోక ఊగుతుంది. హైబ్రిడ్ కొలిచి చెప్పండి. 440 పైన ఉంటే గండం గడిచినట్టే.

క్యారియర్ విషయానికొస్తే, సీటు గొట్టానికి బిగించే రకం వైపు చూడకండి, దాని తాహతు పది కిలోల లోపు. నాలుగు చోట్ల బోల్టులు పడాలి. ట్యూబస్ కార్గో లాంటి క్రోమోలీ గొట్టం క్యారియర్ 40 కిలోలు మోస్తుంది, బరువు 600 గ్రాముల చిల్లర. మామూలు అల్యూమినియంవి 25 కిలోలని రాస్తాయి, గతుకుల్లో అందులో సగం వేస్తేనే మంచిది.

గోదారి_గట్టు
చైన్‌స్టే 445. క్యారియర్ మన దగ్గరే చేయించుకోవచ్చా? ట్యూబస్ రేటు చూస్తే గుండె ఆగింది.

వెల్డర్_గారబ్బాయి
చేయించొచ్చు. 8 మి.మీ. రాడ్ మీటరుకు 395 గ్రాములు. వెనక క్యారియర్‌కి మూడున్నర మీటర్లు పడుతుంది, కిలో 400 గ్రాములు. 10 మి.మీ. రాడ్ అయితే మీటరుకు 617, కాబట్టి వద్దు. సంచి కొక్కేలు ఎంత మందం పడతాయో ముందు కొలవండి, సన్న రాడ్ మీద అవి గలగలలాడతాయి. ఆ కడ్డీకి చుట్టూ పాత ట్యూబు చుట్టేస్తే సరి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వెనక్కి ఏటవాలుగా ఒక కడ్డీ పైనుంచి కిందికి రావాలి, లేకపోతే సంచి ఊగి చువ్వల్లోకి పోతుంది. రెండు, కాళ్ళ కింద బోల్టు పడే చోట రాడ్‌ని సుత్తితో చదును చేసి రంధ్రం వేస్తారు, సరిగ్గా ఆ మెడ దగ్గరే విరుగుతుంది. చదును చేయించకుండా 4 మి.మీ. పలక ముక్క అతికించమనండి.

విశాఖ_వీల్స్
బోల్టు పొడవు కూడా. కుడివైపు కింద బోల్టు ఫ్రేమ్ లోపలికి ఒక్క మి.మీ. ఎక్కువ పొడుచుకొచ్చినా అన్నిటికన్నా చిన్న గేరులో చైను దానికి తగులుతుంది. ఆ గేరులో వేసి చక్రం తిప్పి కళ్ళతో చూడండి. అన్నీ ఎం5 బోల్టులే, నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. రోజూ పొద్దున సంచులు తగిలించే ముందు అలెన్ కీతో అన్నీ ఒకసారి తాకాలి. వదులైన బోల్టు ఊగి ఊగి ఫ్రేమ్ లోపలే తెగితే ముక్క బయటికి తీయడం నరకం. జేబులో నాలుగు స్పేర్ ఉంచుకోండి.

ఓరుగల్లు_రైడర్
20 కిలోలంటున్నరు గదా, అందులో ఆవకాయ సీసా ఎంత? నిజం చెప్పండి.

గోదారి_గట్టు
ఆవకాయ లెక్కలో లేదు. అది ఆరోగ్యం ఖాతా.

పల్లేరుకాయ
టైర్ల గురించి ఎవరూ అనలేదు. కొలతల్లో పప్పులో కాలేయకండి. మన పాత నల్ల సైకిళ్ళ 28 x 1½ టైరు రిమ్ము వ్యాసం 635 మి.మీ. 700సి, 29 అంగుళాలు రెండూ 622. “28 టైరే కదా” అని పల్లెటూరి షాపువాడు ఇస్తే అది మీ రిమ్ము మీద వదులుగా ఉండి జారిపోతుంది. 27.5 అంటే 584. పాత ఎంటీబీల 26 అంటే 559. టైరు పక్కన 40-622 అని రాసి ఉండే అంకె ఒక్కటే నమ్మండి.

26 అంగుళాల టైరు, ట్యూబు మన ఊళ్ళలో ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి, దుకాణాల నిండా 26 అంగుళాల గేర్ సైకిళ్ళే కాబట్టి. 622కి మంచి టైరు దొరకాలంటే పెద్ద ఊరికి పోవాలి. అందుకే మడతపడే టైరు ఒకటి వెంట ఉంచండి.

ముళ్ళ విషయం: రోడ్డు అంచున సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు, లారీ టైర్లు పేలి వదిలిన సన్నటి ఉక్కు తీగలు. ఈ తీగలే అసలు శత్రువులు, కంటికి ఆనవు. ష్వాల్బె మారథాన్ ప్లస్‌లో టైరు పట్టీ కింద 5 మి.మీ. రబ్బరు పొర ఉంటుంది, తీగ దాన్ని దాటలేదు. బరువు, కాస్త మొద్దుగా తిరుగుతుంది. లగేజీతో పోయేవాడికి ఆ తేడా పెద్దగా తెలియదు. మీ బరువుకి 40 మి.మీ. టైరులో వెనక 55-60 పీఎస్ఐ, ముందు 40-45.

ఓరుగల్లు_రైడర్
వాల్వ్ కూడా చూడుండ్రి. స్క్రేడర్, అంటే మోటార్ సైకిల్ వాల్వ్ ఉంటే ఏ పెట్రోల్ బంకుల అయినా గాలి కొట్టొచ్చు. ప్రెస్టా (సన్నటి వాల్వ్) అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ రెండు కొని సంచిల వేసుకోండ్రి, ఒకటి పోతది. ప్రెస్టా రిమ్ము రంధ్రం 6.5 మి.మీ., స్క్రేడర్‌ది 8.5. ప్రెస్టా రిమ్ములకు స్క్రేడర్ ట్యూబు పట్టదు. పెద్ద రంధ్రంలకు ప్రెస్టా పడుతది గని చిన్న రబ్బరు వాషర్ కావాలె, లేకుంటే వాల్వ్ మొదట్ల కోసుకపోతది.

కొల్లేరు_పిట్ట
నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. 700సి బండ్లలో మలుపు తిప్పితే బొటనవేలు ముందు టైరుకు తగులుతోంది. మడ్‌గార్డు వేస్తే ఇంకా ఘోరం. నేనేం చూడాలి?

చువ్వల_మాస్టారు
26 అంగుళాల చక్రాలు చూడండి అమ్మా. లాంగ్ హాల్ ట్రక్కర్ చిన్న సైజులన్నీ 26 మీదే చేశారు, కారణం ఇదే. చక్రం చిన్నదైతే చువ్వ పొట్టిదై చక్రం ఇంకా గట్టిగా ఉంటుంది, కింది గేరు దానంతటదే ఇంకాస్త తేలికవుతుంది. కదలని ఫోర్కు ఉన్న పాత స్టీల్ ఎంటీబీ మంచి స్థితిలో దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోండి. వెనక ఫోర్కు మధ్య ఖాళీ కొలవండి. 135 మి.మీ. ఉంటే అదే కొలత ఉన్న డియోర్ (షిమానో కంపెనీ రకం) స్థాయి హబ్బు నేరుగా పడుతుంది. 130 అయితే రోడ్ హబ్బు, అందులో మంచి 36 రంధ్రాలవి దొరకడం కష్టం.

కొల్లేరు_పిట్ట
135 ఉంది! అన్నయ్య పాత బండి అటక మీద ఉంది, ఇప్పుడే కొలిచాను.

సీమ_ఘాట్
ఎక్కడం గురించి అంతా రాశారు, దిగడం గురించి ఎవరూ రాయలే. 116 కిలోలతో ఘాట్ దిగేటప్పుడు రిమ్ము బ్రేకు వదలకుండా పట్టుకుంటే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలే ప్రమాదముంది. పట్టి వదలాల. మలుపు ముందర రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, పూర్తిగా వదిలి, గాలికి చల్లబడనియ్యాల.

వీ బ్రేకులు చెడ్డవి కాదు, ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. వానాకాలంలో మట్టి ఇసుక ప్యాడ్‌లో ఇరుక్కుని రిమ్మును గీకుతుంది. రిమ్ము పక్కన గుంట గీతో చుక్కో ఉంటుంది, అది మాయమైతే రిమ్ము మార్చాల. డిస్క్ అయితే ఈ బాధ లేదు. తీగతో లాగే డిస్క్ తీసుకోండి, టీఆర్‌పీ స్పైర్ లాంటిది రెండువైపులా నొక్కుతుంది. ఆయిల్ డిస్క్ పట్టు బాగుంటుంది కానీ గొట్టం తెగితే లేహ్ దారిలో చేసేదేం లేదు. తీగ తెగితే స్పేర్ తీగ, అలెన్ కీ, పది నిమిషాలు.

హైబ్రిడ్‌కి డ్రాప్ హ్యాండిల్ (కిందికి వంగినది) వేయాలనుకుంటే జాగ్రత్త, వీ బ్రేకుకి మామూలు రోడ్ లివర్ లాగే తీగ చాలదు. టెక్ట్రో ఆర్ఎల్520 లాంటి ఎక్కువ లాగే లివర్ కావాల.

క్రోమోలీ_ప్రియుడు
డ్రాప్ ఎందుకు, చదును హ్యాండిల్‌కే బార్ ఎండ్లు (చివర్ల కొమ్ములు) పెడితే చేతికి రెండో పట్టు దొరుకుతుంది. గేరు లివర్లు కూడా మార్చక్కర్లేదు.

బెజవాడ_పెడల్
ఇంకో దారి. అసలు ఈ నాలుగు సంచులూ దేనికి? ఫ్రేమ్ సంచి, సీటు సంచి, హ్యాండిల్ సంచి, బైక్‌ప్యాకింగ్ పద్ధతిలో 10 కిలోలకు కుదిస్తే క్యారియర్ గొడవే లేదు, గ్రావెల్ బండి చాలు. లగేజీ సగం తగ్గిస్తే పైన లెక్కలన్నీ మారిపోతాయి.

నల్లమల_ఎక్కుడు
ఇది మంచి మాట, పెడల్ గారూ. జగదల్‌పూర్ దారిలో ఊళ్ళున్నాయి, లాడ్జి, భోజనం దొరుకుతాయి, 10 కిలోలతో పోవచ్చు. లేహ్ దారి వేరు. రాత్రి చలికి పెద్ద స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, రెండు రోజుల తిండి, నాలుగైదు లీటర్ల నీళ్ళు. అక్కడ కుదించినా 18కి దిగడం కష్టం.

ఉట్రెక్ట్_తెలుగువాడు
డబ్బున్నవాళ్ళకు ఒక మాట: రోలాఫ్ హబ్బు. 14 గేర్లు, అన్నీ హబ్బు లోపలే, మొత్తం విస్తృతి 526 శాతం. డిరేలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) వంగదు, బురద అంటదు. పైగా రెండువైపులా చువ్వలకు ఒకే బిగువు, మాస్టారు చెప్పిన ఎడమ కుడి తేడా ఉండదు. 5,000 కి.మీ.కి ఒకసారి ఆయిల్ మార్చాలి.

ఓరుగల్లు_రైడర్
హబ్బు ఒక్కటే ఆయన బడ్జెట్ మింగుతది అన్నా. లోపల ఏదన్నా పోతే ఇక్కడ విప్పేటోడు లేడు.

ఉట్రెక్ట్_తెలుగువాడు
ఒప్పుకుంటున్నాను. ఈ బడ్జెట్‌కి 3x9 డిరేలరే సరి. హ్యాంగర్ (డిరేలర్‌ని ఫ్రేమ్‌కి పట్టే ముక్క) ఒకటి స్పేర్ ఉంచుకోవాలి. అది ఏ రెండు బండ్లకూ ఒకేలా ఉండదు, బండి కొన్నరోజే అదే షాపులో రెండోది తీసుకోండి.

గోదారి_గట్టు
మొత్తం చదివి హైబ్రిడ్ వైపు మొగ్గుతున్నాను. మిగిలిన డబ్బు వెనక చక్రం, గేర్లు, క్యారియర్ల మీద పెడతాను. 36 రంధ్రాల డియోర్ హబ్బు, కొత్త రిమ్ము. ముందు 44/32/22 క్రాంకు, వెనక 9 స్పీడ్ 11-36. ఇందులో పట్టనిది ఏదైనా ఉందా? ఇంకో భయం, ఎవరో వీడియోలో దిగుడులో హ్యాండిల్ వణికి బండి అదుపు తప్పింది. అది దేనివల్ల?

నల్లమల_ఎక్కుడు
డిరేలర్ చూడండి. ముందు పెద్ద పళ్ళలోంచి చిన్నవి తీసేస్తే 22, వెనక అలాగే 25, కలిపి 47. డిరేలర్ తాహతు అంత ఉండాలి, చాలా లాంగ్ కేజ్‌లు (పొడవు పంజరం ఉన్న డిరేలర్లు) 45 దగ్గర ఆగుతాయి. 11-34 వేస్తే సరిగ్గా 45. 22/34తో కూడా గంటకు 5.1 వస్తుంది, చాలు. 8 నుంచి 9కి పోతున్నారు కాబట్టి వెనక లివరు, చైను కూడా మార్చాలి. 9 స్పీడ్ లివర్‌కి 10 స్పీడ్ ఎంటీబీ డిరేలర్ జత చేయకండి, షిమానో 10కి వెళ్ళినప్పుడు తీగ లాగుడు మార్చేసింది, గేర్లు కుదరవు. ముందు డిరేలర్ 44 పళ్ళకు తగ్గట్టు ఇంకాస్త కిందికి దించాలి. పెద్ద పళ్ళ కొనకు, పంజరం అంచుకు మధ్య 1-3 మి.మీ. ఖాళీ.

చువ్వల_మాస్టారు
డియోర్ హబ్బు తీసుకోవడం మంచి పని. కోన్లు, విడి బేరింగ్ గోళీలు ఉన్న హబ్బు అది. వెనక ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు 9. ఇవి మన మామూలు సైకిల్ షాపులో కూడా దొరుకుతాయి. సన్న కోన్ స్పానర్లు మాత్రం మీ దగ్గరే ఉండాలి, షాపులో ఉండవు. చువ్వలు మూడు పొడవులు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు. ఒక్కో రకం మూడేసి, నిప్పిళ్ళతో సహా, టేపుతో ఎడమ చైన్‌స్టేకి కట్టేయండి. కుడివైపు చువ్వ మార్చాలంటే క్యాసెట్ ఊడదీయాలి, ఆ లాక్‌రింగ్ టూల్ లేకపోతే చేతిలో చువ్వ ఉండీ దండగే.

విశాఖ_వీల్స్
వణుకు సంగతి. బరువంతా వెనకే, అదీ ఎత్తులో పెడితే వస్తుంది. క్యారియర్ బోల్టు వదులైనా, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) వదులైనా, చక్రం బెండున్నా పెరుగుతుంది. టెంటును పైన అడ్డంగా కట్టే అలవాటు మానండి, బరువైనవన్నీ సంచుల అడుగున. ముందు లో-రైడర్‌లో 8 కిలోలు, వెనక 12. కుడి ఎడమ సంచుల తేడా అర కిలో దాటకూడదు, కొలిచి సర్దండి.

దారిలో వణుకు మొదలైతే హ్యాండిల్ బిగించి పట్టుకోకండి, ఇంకా పెరుగుతుంది. సీటు మీంచి బరువు కాస్త పెడళ్ళ మీదికి తెచ్చి, ఒక మోకాలు పై గొట్టానికి గట్టిగా ఆనించి, మెల్లగా బ్రేకు వేయండి.

సీమ_ఘాట్
మడ్‌గార్డుకి టైరుకి మధ్య వేలు దూరేంత ఖాళీ పెట్టుకోండి. నల్లరేగడి తడిసిందంటే రెండు మలుపుల్లోనే ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది.

గోదారి_గట్టు
బండి బుక్ చేశాను. క్యాసెట్ 11-34కి మార్చాను. చక్రం కట్టే మెకానిక్ వచ్చే వారం ఖాళీ అంటున్నాడు. మారేడుమిల్లికి ముందు ఎన్నాళ్ళు పరీక్షించాలి?

చువ్వల_మాస్టారు
పూర్తి లగేజీతో రెండు రోజులు, మొత్తం 150 కి.మీ. చాలు. ఒక ఎక్కుడు, ఒక గతుకుల దారి అందులో ఉండాలి. సంచుల్లో బియ్యం మూటలు, నీళ్ళ సీసాలు పెట్టుకోండి, నిజమైన సామాను పాడుచేసుకోవద్దు. తిరిగొచ్చాక చువ్వలు మీటి చూడండి, ఎడమవైపు ఏదైనా డబడబమంటే అది వదులవుతోందన్నమాట. క్యారియర్ కాళ్ళ దగ్గర రంగు చిట్లిందేమో టార్చి వేసి చూడండి. సీటు గొట్టం ఎంత దిగిందో ముందే పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

గోదారి_గట్టు
గీత ఇప్పుడే పెడతాను. చక్రం కట్టేటప్పుడు పక్కనే నిలబడతాను మాస్టారూ.

చువ్వల_మాస్టారు
కొత్త రిమ్ముకి రంధ్రాల లోపల పట్టీ వేయించడం మర్చిపోకండి. గుడ్డ పట్టీ అడగండి. సన్న రబ్బరుది వేడికి జరిగిపోయి నిప్పిల్ రంధ్రం అంచు ట్యూబును కోసేస్తుంది, ఆ పంచరు ఎప్పుడూ ట్యూబు లోపలి వైపే ఉంటుంది.